అరికాలి మంట

పదకొండేళ్లు నిలబడి బతికిన మనిషి ఆమె. మాట వరసకు అన్నది కాదిది. ఉదయం పదింటికి నిలబడితే మధ్యాహ్నం భోజనానికి ఇరవై నిమిషాలు కూర్చుని, మళ్లీ సాయంత్రం ఏడున్నర దాకా నిలబడేది. నాలుగంతస్తుల బట్టల షోరూములో రెండో అంతస్తు ఆమెది. కిటికీ తెరలు, దుప్పట్లు, దిండు గలేబులు, బల్లల మీద పరిచే గుడ్డలు అక్కడ అమ్మేవారు. కొనడానికి వచ్చినవాళ్లకు మెత్తటి కుర్చీలుండేవి. అమ్మేవాళ్లకు నున్నటి రాతి నేల ఉండేది. ఆమె ఒకచోట నిలబడిందంటే కదిలేది కాదని తోటి అమ్మాయిలు ‘స్తంభం’ అని పేరు పెట్టారు. మొదట్లో ఆ పేరు ఆమెకు నచ్చింది కూడా.

ఉద్యోగంలో చేరేటప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. నడకంటే ప్రాణం. ఇంటి నుంచి షోరూముకు నలభై నిమిషాల దారి. బస్సు పక్కనుంచే పోతున్నా ఎక్కేది కాదు. వంతెన మీద ఆగి కాసేపు నీళ్లు చూసి, ఆలస్యమైందని గుర్తొచ్చి, మిగతా దారంతా దాదాపు పరుగు మీద వచ్చేది.

ఆ అంతస్తుకు ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వాటిలో ఒక చెక్క స్కేలు పట్టుకుని వరసల మధ్య తిరిగేవాడు. ఎవరి వీపు కాస్త వంగినా, ఎవరి మోచెయ్యి బల్లకు ఆనినా స్కేలుతో టకటకా కొట్టి, "నిటారుగా, అమ్మా, నిటారుగా" అనేవాడు. అందుకని ఆయన నిటారు సారు అయ్యాడు. అసలు పేరు జీతాల చీటీ మీద తప్ప ఎవరి నోటా వినపడేది కాదు.

యూనిఫారంతో పాటు నల్ల బూట్లు కూడా షోరూమే ఇచ్చేది. రెండు వేళ్ల ఎత్తు మడమ, చెక్కలాంటి అడుగు, ముందు వైపు సన్నగా ముక్కులా ఉండేవి. వాటిలో నాలుగు సైజులే తెప్పించేవారు. ఆమె పాదం వెడల్పు. రెండు సైజుల మధ్యన ఉండేది. పెద్దవి ఇమ్మంటే నిటారు సారు నవ్వి, "చెప్పుని బట్టి కాలు ఉండాలమ్మా, కాలుని బట్టి చెప్పు ఎక్కడ తెస్తాం" అన్నాడు. చిన్నవే ఇచ్చాడు.

మూడో ఏట నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. పది అడుగులు వేస్తే సర్దుకునేది కాబట్టి పట్టించుకోలేదు. ఐదో ఏడు వచ్చేసరికి ఎడమ బూటు లోపలి అంచు అణిగిపోయి, కాలు లోపలికి ఒరిగింది. ఆ తర్వాత మోకాలు. ఆ తర్వాత కుడి తుంటి. తొమ్మిదో ఏట నడుము పట్టేసింది. పదో ఏట మెడ ఒక పక్కకు వాలి, ఫోను మాట్లాడుతున్నదానిలా కనిపించేది. మోకాలి డాక్టరు మోకాలు చూశాడు. నడుము డాక్టరు నడుము చూశాడు. నొప్పి ఎక్కడుందంటే అక్కడే నొక్కి చూశారు గానీ, కింద ఏం వేసుకుని నిలబడుతున్నావని ఒక్కరూ అడగలేదు. నడిచి వచ్చే మనిషి బస్సెక్కడం మొదలుపెట్టింది. వంతెన కిటికీలోంచి కనపడేది.

చివరికి ఒకరోజు ఆమె నోరు తెరిచి అడిగింది. "సార్, గంటకో పది నిమిషాలు కూర్చోడానికి ఒక స్టూలు వేయించండి. నా ఒక్కదానికే కాదు, అందరికీ."

నిటారు సారు స్కేలుతో గాలిలో ఒక గీత గీశాడు. "స్టూలు వేస్తే కూర్చుంటారు. కూర్చుంటే కునుకు వస్తుంది."

నెల తిరక్కుండానే ఆమెను తీసేశారు. తీసేసిన రోజు నిటారు సారు అంతస్తంతా వినపడేలా ఒక మాటన్నాడు. "ఇలా ఈడ్చుకుంటూ తిరిగే మనిషిని చూస్తే వచ్చినవాళ్లకి దుప్పటి కొనాలనిపించదు, కప్పుకుని పడుకోవాలనిపిస్తుంది." కొందరు నవ్వారు. నవ్వు వచ్చి నవ్వినవాళ్లు ఎందరో, భయానికి నవ్వినవాళ్లు ఎందరో ఆమె చూడలేదు. బూట్లు విప్పి బల్ల మీద పెట్టబోయి, మళ్లీ ఎందుకో సంచిలో వేసుకుని వచ్చేసింది.

కార్మికుల ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకు వెళ్లింది. కాళ్లు అరిగేలా తిరగడమని ఊరికే అంటారు, ఆమెకు అరగడానికి ఇంకేం మిగల్లేదు. నాలుగో వాయిదాకు షోరూము తరఫున ఒక కాగితం వచ్చింది. అధికారి దాన్ని గట్టిగా చదివాడు. ‘సదరు ఉద్యోగిని విధుల్లో చేరిన నాటి నుంచీ కుంటుతూనే నడిచేది. ఆమె వైకల్యానికీ సంస్థకూ ఎటువంటి సంబంధమూ లేదు.’ కింద నిటారు సారు సంతకం. ఐదు నిమిషాల్లో ఫైలు మూసేశారు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు ఆ రోజు తెలిసింది. ఉద్యోగం పోయింది, సరే. ఒళ్లు పోయింది, సరే. ఇరవై రెండేళ్ల వయసులో వంతెన మీద పరిగెత్తిన ఆ పిల్లను కూడా లేకుండా చేశాడు. ఒక్క వాక్యంతో.

మూడో అంతస్తులోని అద్దె గదికి మెట్లెక్కడం ఆమె వల్ల కాలేదు. అమ్మానాన్నా లేరు. మిగిలిన పెద్దదిక్కు బాబాయి. తాళాలూ గొడుగులూ బాగుచేసే సందులో ఆయనకు ఒక సన్నటి పొడుగాటి కొట్టు ఉండేది. ఒకదానికొకటి పొంతన లేని కాళ్లకు ఆయన చెప్పులు, బూట్లు చేసేవాడు. ఒక కాలు పొట్టివాళ్లు, పోలియో వచ్చినవాళ్లు, ప్రమాదంలో వేళ్లు పోయినవాళ్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. గోడ నిండా చెక్క కాళ్లు వేలాడుతుండేవి. ఒక్కో మనిషి పాదానికి ఒక్కో అచ్చు, మడమ మీద ఒక అంకె. కొట్టు వెనక గదిలో పిన్ని కూర్చుని పైతోలు కుట్టేది. ఆ గదిలోనే ఆమెకు మంచం వేశారు.

నొప్పి ఎక్కడని బాబాయి అడగలేదు. "ఆ బూట్లు ఇటివ్వు" అన్నాడు.

తిరగేసి చాలాసేపు చూశాడు. బొటనవేలితో అంచులు తడిమాడు. "ఎడమ మోకాలు లోపలి పక్క నొప్పి. కుడి తుంటి పట్టేసి ఉంటుంది. నడుము, ఇదిగో, ఇక్కడ" అని తన వీపు మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు.

లోపల్నుంచి పిన్ని అందుకుంది. "జాతకం చెప్తున్నాడు చూడవే. ముప్ఫై ఏళ్లుగా నా చెప్పులు చూస్తున్నాడు, నా మనసులో ఏముందో ఒక్కనాడూ చెప్పలేదు."

"నీ మనసు చెప్పులో ఉండదు, నోట్లో ఉంటుంది" అని బాబాయి ఆమె వైపు తిరిగాడు. "చూడమ్మాయ్. పాదం పునాదిలాంటిదని అందరూ అంటారు. పునాది కదలదు. పాదం కదలాలి. అడుగు పడగానే అరికాలి వంపు కాస్త దిగాలి, మళ్లీ లేవాలి. నీది దిగింది, లేవడం మర్చిపోయింది. వంపు దిగితే చీలమండ లోపలికి ఒరుగుతుంది. దాంతో పిక్క ఎముక లోపలికి తిరుగుతుంది. మోకాలు తలుపు బందులాంటిది. ముందుకీ వెనక్కీ ఆడమంటే ఆడుతుంది, మెలిపెడితే ఓర్చుకోదు. దాన్ని కాపాడుకోడానికి నువ్వు బరువంతా కుడి తుంటి మీద వేశావు. తుంటి ఒక పక్కకి లేస్తే నడుము రెండో పక్కకి వంగింది. కళ్లు మాత్రం సమంగా చూడాలి కదా, అందుకని మెడ ఇలా వాలింది. పైగా ఈ ఎత్తు మడమ నిన్ను పొద్దస్తమానం ముందుకి తోస్తూనే ఉంది."

ఆమె ఒక్కటే అడిగింది. "అయితే నేను కుంటిదాన్నై పుట్టలేదు కదా బాబాయ్."

"అలా పుట్టినవాళ్ల చెప్పు మరోలా అరుగుతుంది. ఇది నిలబెట్టి అరగదీసింది."

ఆ మాట ఏ ఆఫీసులోనూ చెల్లదని ఇద్దరికీ తెలుసు.

బాబాయి ఆమె పాదానికి సరిపడా తోలు అట్టలు చేసి వంపు కింద పెట్టాడు. నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్లతో దగ్గరకు లాగమన్నాడు. మెట్టు అంచున నిలబడి మడమలు లేపమన్నాడు. ఏడాదికి మోకాలి నొప్పి పోయింది. తుంటి నొప్పి సగానికి తగ్గింది. నడుము నొప్పి మాత్రం ఇంటి చుట్టంలా ఉండిపోయింది. ఈలోగా ఆమె తోలు కోయడం నేర్చింది, ఆరెతో కన్నాలు పొడవడం నేర్చింది, అంచుల్ని అర మిల్లీమీటరు మందానికి చెక్కడం నేర్చింది. చెయ్యి మంచిది. ఆరేళ్లలో బాబాయి కన్నా బాగా చేస్తుందని వచ్చినవాళ్లు అనడం మొదలుపెట్టారు. బాబాయి కంటికి పొర కమ్మాక కొలతలు తీసే పని కూడా ఆమెకే అప్పగించాడు.

నొప్పి తగ్గేకొద్దీ కోపం కూడా తగ్గాలి. తగ్గలేదు. ఇన్నాళ్లూ నొప్పిని భరించడానికి ఖర్చయిన ఓపికంతా వెళ్లి కోపానికి చేరింది. గలేబుల అక్క అట్టల కోసం అప్పుడప్పుడు కొట్టుకు వచ్చేది. షోరూములో ఆమెతో పాటు పనిచేసిన మనిషి, ఇప్పటికీ అక్కడే దిండు గలేబుల దగ్గర నిలబడుతోంది. అక్క కుడి తుంటి కూడా అరిగింది. నిటారు సారు ఇంకా అలాగే తిరుగుతున్నాడనీ, స్కేలు మాత్రం ఇనుపదైందనీ చెప్పేది. ఆమె వింటూ తోలు చెక్కేది. ఆ రోజుల్లో కోసిన తోలు మరీ నున్నగా తెగేది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆయనే కొట్టు మెట్లెక్కాడు.

జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది, వీపు మాత్రం అలాగే ఉంది. "ఇక్కడ చెప్పుల్లోకి అట్టలు చేస్తారని విన్నానమ్మా. పొద్దున లేచి కాలు కింద పెడితే మడమలో మేకు గుచ్చినట్టుంటోంది" అన్నాడు. ఆమె ముఖంలోకే చూస్తూ అన్నాడు. గుర్తుపట్టలేదు. పదకొండేళ్లలో ఆయన ఆమెను ఒక్కసారి కూడా కూర్చుని ఉండగా చూడలేదు మరి.

ఆమె గొంతు మామూలుగానే పలికింది. "చెప్పులు విప్పి ఆ పలక మీద నిలబడండి సార్."

తడి కాళ్లతో నల్లరాతి మీద నడిపించి జాడలు చూసింది. పైనుంచి గుండు కట్టిన దారం వదిలి వెన్ను చూసింది. రెండు తుంటి ఎముకల మీదా వేళ్లు ఆనించి ఎత్తు చూసింది. ఎడమ కాలు ఆరు మిల్లీమీటర్లు పొట్టి. చాలామందికి ఉండేదే. ఒళ్లు దానికి ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది. మడమల కింద మెత్తటి దిండు వేసి, ఎడమ దాని కింద మూడు మిల్లీమీటర్ల తోలు పెడితే చాలు. చీటీ మీద ఉన్నది ఉన్నట్టే రాసింది. ‘ఎడమ పొట్టి, ఆరు.’

తోలు ముక్క నాలుగు మిల్లీమీటర్ల మందాన కోసింది. దాన్ని తీసుకెళ్లి కుడి అట్ట కింద అంటించింది. పైన మెత్తటి గుడ్డ కప్పి అంచులు కుట్టేసింది.

మెత్తటి దిండు వల్ల మడమ నొప్పి మూడు వారాల్లో పోయింది. అలా పోతుందని ఆమెకు తెలుసు, పోవాలనే చేసింది. నిటారు సారు మళ్లీ వచ్చి, "మీ చేతిలో ఏదో ఉందమ్మా" అని దణ్ణం పెట్టినంత పని చేశాడు. రెండున్నర నెలలకు కుడి మోకాలు పట్టుకుంటోందని వచ్చాడు. "అలవాటు పడాలి సార్" అని ఆమె అట్టలు లోపలికి తీసుకెళ్లి, ఇంకో మిల్లీమీటరు చేర్చి తెచ్చింది. నాలుగో నెలలో తుంటి. ఐదో నెలలో నడుము. పొట్టి కాలు మరింత పొట్టిదై, పొడుగు కాలు మరింత పొడుగై, మధ్యలో తుంటి ఎముక, అరుగు మీద ఒక కాలు, వీధిలో ఒక కాలు పెట్టి నడిచేవాడిలా ఊగుతోంది. ఆయన చెబుతుంటే ఆమె తలూపుతూ వినేది. తను ఎక్కిన మెట్లే అవన్నీ. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో ఆయనకు తెలియదు, ఆమెకు తెలుసు.

"ఏమే" అంది పిన్ని ఒకరోజు, కుడుతున్న తోలు మీంచి కళ్లెత్తకుండా. "ఆ పెద్దాయన కుంటుకుంటూ మెట్లు దిగిన రోజున నువ్వు రెండు ముద్దలు ఎక్కువ తింటున్నావు."

"ఆకలేసింది పిన్నీ."

"ఏదో ఒక ఆకలి."

ఆరో నెలలో గలేబుల అక్క వచ్చింది. ఈసారి అట్టల కోసం కాదు. బల్ల ముందు కూలబడి, "నిటారు సారు ఇప్పుడు ఒరుగుడు సారు అయ్యాడే. గోడ కనపడితే చాలు, ఆనుకుంటున్నాడు" అంది.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"నవ్వకు. ఆయనకి నొప్పి లేచినప్పుడల్లా మాకు మూడుతోంది. తెరల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి కాళ్లు వాచిపోయాయి. నీళ్లు తాగడానికి వెళ్లి రెండు నిమిషాలు కింద కూర్చుందని, సాయంత్రం దాకా మెట్ల దగ్గర నిలబెట్టాడు. నాలుగింటికి కళ్లు తిరిగి పడిపోయింది. మరునాడు తీసేశారు. ఇదివరకు స్కేలుతో బల్లని కొట్టేవాడు, ఇప్పుడు అరుస్తున్నాడు. నిద్ర లేదట, నడుము పట్టేస్తోందట. ఆయన నడుము మా నెత్తి మీద పడింది."

ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. ఆయన మీద జాలి కాదది. తను కింది నుంచి పైకి ఎక్కించిన నొప్పి పైనుంచి మళ్లీ కిందికి దిగింది, దిగి ఎవరో ముక్కూ ముఖం తెలియని పిల్ల కాళ్ల మీద పడింది. గురి పెట్టింది ఒకరికి, తగిలింది ఇంకొకరికి. తన పగ తన చేతిలోంచి జారిపోయి ఆయన స్కేలులో చేరిందన్న ఊహకే ఆమెకు ఒళ్లు మండింది.

మరుసటి వారం నిటారు సారు వచ్చాడు. మెడ కుడి పక్కకు వాలి ఉంది. చొక్కా ఒక భుజం మీద పైకీ ఇంకో భుజం మీద కిందికీ ఉంది. వస్తూనే స్టూలు మీదికి వంగాడు. ఆమె స్టూలును కాలితో వెనక్కి లాగింది.

"కూర్చోకండి సార్. నిటారుగా నిలబడండి."

ఆ మాట విని ఆయన తలెత్తాడు. ఏదో వినీ విననట్టుగా ఆమె వైపు చూశాడు.

"రెండో అంతస్తు, దుప్పట్ల వరస" అందామె. "నన్ను స్తంభం అనేవాళ్లు. పదకొండేళ్లు మీ ముందు నిలబడ్డాను. మూడో ఏట మడమ. ఐదో ఏట అరికాలి వంపు. ఆ తర్వాత మోకాలు, ఇక్కడ. తర్వాత తుంటి, తర్వాత నడుము, తర్వాత మెడ. మీకు ఆరు నెలల్లో వచ్చింది. నాకు పదేళ్లు పట్టింది. ఎందుకో తెలుసా సార్, నేను వయసులో ఉన్నాను, రోజూ నడిచే మనిషిని. నేను కుంటుతూనే చేరానని మీరు రాసిచ్చారు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నటించడం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. చివరికి, "నిజం చెప్తున్నానమ్మా, గుర్తు లేదు" అన్నాడు. "అలాంటివి ఆ రోజుల్లో ఏడో ఎనిమిదో రాశాను. ఆఫీసులో ఒక నమూనా ఉండేది. పేరొక్కటే మార్చేవాళ్లం."

ఏడేళ్లు ఆమె ఆ వాక్యాన్ని గుండెల్లో పెట్టుకుని తిరిగింది. అది తన కోసం రాసింది కూడా కాదు. ఆమె ఆయన విప్పిన కుడి చెప్పు తీసుకుని, ఆరెతో కుట్లు పటపటా తెంపి, ఐదు మిల్లీమీటర్ల తోలు ముక్కను ఆయన కళ్ల ముందు పెట్టింది.

"మీ ఎడమ కాలు పొట్టి. ఇది ఎడమ దాని కింద ఉండాలి. కుడి దాని కింద పెట్టాను. పొరపాటున కాదు."

ఆయన ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది, వెంటనే ఎర్రబడింది. "పోలీసుల దగ్గరికి వెళ్తాను."

"వెళ్లండి. ఇంత తోలు ముక్క చూపించి ఏమని చెప్తారు? మీరు మా కొట్టుకొచ్చిన రోజు నుంచే కుంటేవారని నేను రాసిస్తాను. నమూనా మీరే ఇచ్చారు."

ఆయన బల్లను పట్టుకున్నాడు. "ఇప్పుడేం కావాలి నీకు?"

"ఆ ఏడెనిమిది మందికీ నిజం రాసివ్వండి. పేర్లు మీకు గుర్తుండవు, తీసేసినవాళ్లందరూ నాకు తెలుసు, నేను చెప్తాను. తెరల దగ్గర పడిపోయిన పిల్లది కూడా. రాశాక మీ అట్టలు సరిచేసి ఇస్తాను. రాయకపోతే ఈ చెప్పుల్లోనే ఇంటికెళ్లండి."

ఆయన రాశాడు. స్టూలు ఇవ్వలేదు ఆమె. బల్ల మీదికి వంగి, ప్రతి కాగితానికీ ఒకసారి నడుము పట్టుకుని, ఎనిమిది కాగితాలు నిలబడే రాశాడు. ఆయన రాస్తున్నంతసేపూ ఆమె ఎదురుగా కూర్చుని, సరైన అట్టలు కోసి, ఎడమ దాని కింద మూడు మిల్లీమీటర్ల తోలు అంటించింది. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

బాబాయి ఆ పూట కొట్టులో లేడు. మరునాడు బల్ల కింద పడి ఉన్న తోలు ముక్క ఆయన చేతికి దొరికింది. కంటికి ఆనకపోయినా వేళ్లకు తెలిసింది. చీటీ తీసి కిటికీ దగ్గర ముఖానికి ఆనించుకుని చదివాడు.

"ఎడమ పొట్టి అని నువ్వే రాశావు. ఇది కుడి అట్ట వంపు. పొరపాటు కాదు కదా?"

"కాదు బాబాయ్." జరిగిందంతా చెప్పింది.

లోపలి గదిలో పిన్ని కుట్టడం ఆపింది. "కుక్క కాటుకు చెప్పుదెబ్బ" అంది నెమ్మదిగా.

"నువ్వాగు" అన్నాడు బాబాయి. ఆయన పిన్నిని అలా కసరడం ఆమె అదే మొదటిసారి వినడం. "మన దగ్గరికి వచ్చినవాళ్లు మొదట చెప్పులు విప్పి మన చేతికిస్తారు. చెప్పుల్లేని మనిషి ఎక్కడికీ పరిగెత్తలేడు. అలా మన ముందు నిలబడ్డవాడు దొంగైనా సరే, దొరైనా సరే. నీ కాలు పాడైందని నేను బాగు చేసే విద్య నేర్పాను. నువ్వు దాంతో ఇంకో కాలు పాడు చేశావు."

"తప్పే బాబాయ్. ఒప్పుకుంటున్నాను. కానీ చేశానని బాధ మాత్రం లేదు. అబద్ధం చెప్పమంటే చెప్తాను."

"వద్దు. కుట్టు, చెక్కు. కొలతలు మాత్రం ఇక తియ్యకు. నేను తడుముకుంటూ తీసుకుంటాను."

ఆ రోజు నుంచి కొట్టుకు ఎవరొచ్చినా బాబాయే నేల మీద కూర్చుని, పొర కమ్మిన కళ్లతో, వేళ్లతో తడిమి కొలిచేవాడు. ఆయన అంకెలు చెబితే ఆమె రాసేది. ఒక్కోసారి ఆయన అర మిల్లీమీటరు తప్పు చెప్పేవాడు. ఆమెకు తెలిసేది. ఆమెకు తెలిసిందని ఆయనకూ తెలిసేది. "మళ్లీ చూస్తానుండు" అని మళ్లీ తడిమేవాడు.

ఆ ఎనిమిది కాగితాలనూ గలేబుల అక్క ఫిర్యాదుల ఆఫీసుకు తీసుకెళ్లింది. అప్పటి అధికారి మారిపోయాడు. కొత్తగా వచ్చినావిడ పాత ఫైళ్లు తీయించింది. కొత్త పిల్లది పోను మిగతా ఏడుగురివీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏడు చోట్లా ఒకటే వాక్యం, అక్షరం పొల్లుపోలేదు. అది చూశాక ఆవిడ ఎక్కువ చదవలేదు. నిటారు సారును షోరూమువాళ్లు వారంలో ఇంటికి పంపేశారు. ఆ పైన, ఈ ఉత్తరాలు ఆయన చేత బలవంతంగా రాయించారని వాదించారు.

విచారణ రోజు ఆమె తెగించే వెళ్లింది. ఆయన నోరు విప్పితే తోలు ముక్క సంగతి బయటికొస్తుంది. రానీ, అనుకుంది. తన నోటితో ఒప్పుకోవడానికి వాక్యం కూడా సిద్ధం చేసుకుంది. షోరూము వకీలు లేచి, "ఈ ఉత్తరాలు ఎవరైనా మీ చేత బలవంతంగా రాయించారా?" అని అడిగాడు.

నిటారు సారు ఆమె వైపు చూశాడు. చూపులో కోపం ఉందో, అలసట ఉందో ఆమెకు అంతు పట్టలేదు. "లేదండి" అన్నాడు. "నిలబడి రాశాను, అంతే. అప్పుడు రాసింది అబద్ధం. ఇప్పుడు రాసింది నిజం."

ఆమెకు సంతోషం కలగలేదు. చెంప మీద కొట్టడానికి ఎత్తిన చేతిని ఎవరో మర్యాదగా పట్టుకుని కిందికి దించినట్టుంది. ఆయన తన గుట్టు బయటపెట్టి ఉంటే ఆయన్ను తిట్టుకుంటూ ఇంటికెళ్లేది. ఇప్పుడు ఆ వీలు కూడా లేకుండా చేశాడు.

వరండాలో ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె దాటిపోతుంటే పిలిచాడు.

"మోకాలు తగ్గిందమ్మా. నడుమూ నయమే. కుడి తుంటి మాత్రం వదల్లేదు. అది పోతుందా?"

ఆమె ఆగి చూసింది. కూర్చున్న తీరు చూస్తే చాలు, ఆమెకు తెలిసిపోయింది. "చాలావరకు ఉండిపోతుంది."

"నీ నడుము?"

"అదీ ఉండిపోయింది."

ఆయన తలూపాడు. "నీ కోపం ఇప్పుడైనా చల్లారిందా?"

"లేదు సార్" అంది ఆమె. నిజమే చెప్పింది.

ఆయన పక్కకు జరిగి బెంచీ మీద చోటు చేశాడు. ఆమె కూర్చోలేదు. మెట్లు ఒక్కొక్కటే దిగి, గేటు బయట గలేబుల అక్క నిలబడి ఉంటే ఆమె చెయ్యి పట్టుకుని బస్టాపు వైపు నడిచింది.

తీర్పు రావడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. ఆ ఏడుగురి పేర్ల ముందునుంచీ ఆ వాక్యం కొట్టేశారు. షోరూములో అంతస్తుకు ఆరేసి స్టూళ్లు వేయించమన్నారు, బూట్లు ఎవరి కాలికి తగ్గవి వాళ్లను కొనుక్కోనివ్వమన్నారు. గలేబుల అక్క మొదటి వారం స్టూలు మీద కూర్చోలేక కూర్చోలేక, ఎవరో అరుస్తారన్నట్టు లేచి లేచి కూర్చున్నానని చెప్పి నవ్వింది. తెరల దగ్గర పడిపోయిన పిల్లను మళ్లీ తీసుకున్నారు గానీ ఆ పిల్ల వెళ్లలేదు. ఇంకెక్కడో కూర్చుని చేసే పని చూసుకుంది.

ఏడాదిన్నర తర్వాత బాబాయి కంటికి ఆపరేషను చేయించుకున్నాడు. చూపు బాగానే వచ్చింది. అయినా ఒక ఉదయం, పొట్టి కాలున్న ఒక పంతులమ్మ పలక మీద నిలబడితే, "నువ్వు చూడమ్మాయ్, నేను పక్కన ఉంటాను" అన్నాడు. ఆమె నేల మీద కూర్చుని, పంతులమ్మ తుంటి ఎముకల మీద వేళ్లు ఆనించింది. బాబాయి వెనకే నిలబడి ఆమె రాసిన అంకెను చదివాడు. అప్పట్నుంచీ అంతే, ఆమె కొలుస్తుంది, ఆయన చూస్తాడు.

నిటారు సారు మళ్లీ ఆ సందులోకి రాలేదు. ఊరి రెండో చివర ఎవరి దగ్గరో అట్టలు చేయించుకుంటున్నాడని గలేబుల అక్క ఒకసారి చెప్పింది. అక్కడ కొలిచేవాళ్లకు పని వచ్చో రాదో, ఎడమ కాలు పొట్టి అని కనిపెట్టారో లేదో అని ఆమె ఎప్పుడైనా అనుకుంటుంది. అంతకు మించి అనుకోదు.